పటం మీది గీతను ఎవరు గీశారో కనుక్కోవడం ఎలా

ఇరవై రెండేళ్లు నేను పాఠ్యపుస్తకాలకూ అట్లాసులకూ పటాలు గీశాను. అందులో మొదటి పదేళ్లు చేతిపనే. కింద దీపం వెలిగే గాజుబల్ల, దాని మీద మూలపటం, ఆ పైన ట్రేసింగ్ కాగితం, చేతిలో అర మిల్లీమీటరు మందాన గీసే నల్లసిరా పెన్ను. ఒకసారి ఉత్తర అమెరికా పటం గీస్తున్నాను. అమెరికా, కెనడాల మధ్య 49వ అక్షాంశం వెంట నడిచే సరిహద్దును వంపుస్కేలు ఆనించి ఒకే ఊపులో లాగేశాను. మూలపటంలో ఒకచోట ఆ గీత నుంచి చిన్న ముల్లులాంటిది పైకి పొడుచుకుని ఉంది. అచ్చులో పడిన సిరా మరక అనుకుని దాన్ని వదిలేశాను. ప్రూఫులు దిద్దే పెద్దాయన అక్కడ ఎర్రసిరాతో సున్న చుట్టి కాగితం వెనక్కి పంపారు. పక్కన ‘ఇక్కడ కొంచెం అమెరికా పోయింది’ అని రాశారు.

కోటికి ఒకటి చొప్పున కుదించిన ఆ పటంలో అది నాలుగు మిల్లీమీటర్లు. నేల మీద నలభై కిలోమీటర్లు. అక్కడ ఇళ్లున్నాయి, మనుషులున్నారు. ఆ ముల్లు ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. తెలిశాక ఇక ఏ సరిహద్దునూ ఎప్పటి నుంచో అక్కడే పడి ఉన్నట్టు గీయలేకపోయాను. ప్రతి గీతకూ ఒక తేదీ ఉంది. గీసిన చెయ్యి ఉంది. ఆ చేతి కింద ఒక పటం ఉంది, ఆ పటంలో తప్పులున్నాయి. ఓపిక ఉన్నవాళ్లెవరైనా వీటిని వెతికి పట్టుకోవచ్చు. నేను ఏళ్ల తరబడి పాటించిన పద్ధతి ఇది.

ముందుగా బల్ల మీద ఉండవలసినవి

ఒకే ప్రాంతానికి ఒకే కొలమానంలో రెండు పటాలు కావాలి. ఒకటి దేశాలను రంగుల్లో చూపే రాజకీయ పటం, రెండోది కొండలనూ నదులనూ చూపే భౌతిక పటం. ఒక ట్రేసింగ్ కాగితం, కొలబద్ద, పోస్టుకార్డంత అట్టముక్కలు కొన్ని. కంప్యూటర్‌లో ఒక పటం మీద మరొకటి పరిచి చూసే వీలున్నా, మొదటి రెండు మూడు సరిహద్దులనైనా చేత్తో గీయండి. గీత వెంట చెయ్యి నడుస్తున్నప్పుడు అది ఎక్కడ వంగిందో, ఎక్కడ వంగకుండా మొండిగా పోయిందో కంటి కంటే ముందు వేళ్లకు తెలుస్తుంది.

పటం మూలన ఉండే సూచికను చదవకుండా మొదలుపెట్టకండి. నిర్ణయమైపోయిన సరిహద్దుకు ఒక రకం గీత, తగాదాలో ఉన్నదానికి తెగిన గీత వాడటం మా వృత్తిలో ఆనవాయితీ. ఒకే సరిహద్దును రెండు దేశాల్లో అచ్చయిన పటాలు రెండు రకాలుగా చూపిస్తుంటే, వెతకవలసిన చోటు మీకు దొరికినట్టే. ఇంకొక లెక్క కూడా మనసులో పెట్టుకోండి. కోటికి ఒకటి చొప్పున కుదించిన పటంలో అర మిల్లీమీటరు గీత ఐదు కిలోమీటర్ల నేలను కప్పేస్తుంది. ఆ సిరా కింద ఎవరి పొలం ఉందో, ఎవరి బావి ఉందో పటం చెప్పదు.

గీత రూపాన్ని చదవడం

సరిహద్దును ట్రేసింగ్ కాగితం మీదకు ఎక్కించి, ఆ కాగితాన్ని భౌతిక పటం మీద పరచండి. గీత దేన్ని అనుసరిస్తోంది? కొండల వరుసనా, నదినా, లేక ఏమీ లేనిచోట తిన్నగా సాగిపోతోందా?

తిన్నని గీత కనిపిస్తే వెంటనే అక్షాంశ రేఖాంశాలతో పోల్చండి. ఈజిప్టు, సూడాన్‌ల మధ్య 22వ ఉత్తర అక్షాంశం. న్యూగినీ దీవిని రెండుగా కోసే 141వ తూర్పు రేఖాంశం. గీసినవాళ్లకు ఆ నేల తెలియదనీ, తెలుసుకునే తీరిక లేదనీ చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. న్యూగినీలో ఆ రేఖాంశం ఒక్కచోట మాత్రం పడమరకు ఉబ్బుతుంది. అక్కడ ఫ్లై నది అడ్డం వచ్చింది, కాసేపు నది వెంట నడిచి మళ్లీ తిన్నని దారి పట్టారు. ఇలాంటి ఉబ్బు కనిపిస్తే వదలకండి. లోకం గీసేవాళ్ల చెయ్యి పట్టుకుని ఆపిన చోట్లు అవే.

ఈజిప్టు, సూడాన్ గీత మీద ఇంకొంచెం సేపు ఉండండి. 1899లో బ్రిటిష్‌వాళ్లు 22వ అక్షాంశాన్ని సరిహద్దు అన్నారు. 1902లో, అక్కడి తెగల రాకపోకలను బట్టి, పాలన కోసం మరొక వంకర గీత గీశారు. రెండు గీతల మధ్య రెండు ముక్కలు మిగిలాయి. సముద్రం పక్కనున్న హలాయిబ్ ముక్క మాదంటే మాదని రెండు దేశాలూ అంటాయి. ఈజిప్టు వాదనకు 1899 గీత ఆధారం, సూడాన్ వాదనకు 1902 గీత ఆధారం. రెండో ముక్క పేరు బీర్ తవీల్, సుమారు 2,060 చదరపు కిలోమీటర్ల ఎడారి. దాన్ని ఎవరూ అడగరు. అడిగినవాళ్లు అవతలి గీతను ఒప్పుకున్నట్టవుతుంది, హలాయిబ్ చేజారుతుంది. ఒకే పాలకులు మూడేళ్ల తేడాతో గీసిన రెండు గీతల వల్ల ఒక నేల ఇద్దరిదైంది, ఒక నేల ఎవరిదీ కాకుండా పోయింది.

నది వెంట నడిచే సరిహద్దు చూడగానే సహజంగా అనిపిస్తుంది. నది కదులుతుందని మరచిపోవద్దు. అమెరికా, మెక్సికోల మధ్య రియో గ్రాండే నదిని 1848లో సరిహద్దు చేశారు. వరదలకు నది దక్షిణానికి జరిగింది. నిన్నటిదాకా మెక్సికో వైపున్న చమిజాల్ అనే నేల అమెరికా ఒడ్డుకు వచ్చి చేరింది. ఆ కొద్ది వందల ఎకరాల తగాదా 1963 ఒప్పందంతో గానీ తీరలేదు. తీరాక నది మళ్లీ తప్పుకోకుండా కాంక్రీటు కాలువ కట్టి అందులోకి మళ్లించారు. సహజమైన సరిహద్దు అంటే ఇక్కడ ఇదీ.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేవి తోకలు. దేశం ఆకారంలోంచి ఒక పట్టీ వేలు చాచినట్టు పొడుచుకు వస్తే, అది దేన్ని అందుకోబోయిందో చూడండి. నమీబియా ఈశాన్య మూల నుంచి దాదాపు 450 కిలోమీటర్ల పొడవున ఒక పట్టీ తూర్పుకు సాగుతుంది. దాని చివర జాంబెజి నది. 1890 జూలైలో బ్రిటన్, అప్పట్లో నమీబియాను ఏలుతున్న జర్మనీ చేసుకున్న ఒప్పందంలో, ఆ నదిని చేరడానికి జర్మనీకి దారి ఇవ్వాలనీ, ఆ పట్టీ వెడల్పు ఎక్కడా 20 ఇంగ్లీషు మైళ్లకు తగ్గకూడదనీ రాశారు. నది మీదుగా హిందూ మహాసముద్రం చేరవచ్చని జర్మన్ల ఆశ. దిగువన విక్టోరియా జలపాతం ఉంది. నూరు మీటర్లకు పైగా ఎత్తు నుంచి నీరు పడేచోట పడవ దిగదు. లివింగ్‌స్టన్ అనే అన్వేషకుడు ఆ జలపాతాన్ని 1855లోనే చూసి లోకానికి చెప్పాడు. అయినా పట్టీ పుట్టింది, అప్పటి జర్మన్ ఛాన్సలర్ కాప్రివి పేరు దానికి స్థిరపడింది. జర్మన్లు ఆ ప్రాంతం విడిచి వెళ్లి నూరేళ్లు దాటినా అది నమీబియాకు అతికే ఉంది. ఆ ఒప్పందంలోనే ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ దీవి జర్మనీకి, జాంజిబార్ మీద రక్షణాధికారం బ్రిటన్‌కు వెళ్లాయి. ఒక కాగితం మీద ఎన్ని నేలలు చేతులు మారాయో చూడండి. వాటిలో ఏ నేల మనిషినీ ఎవరూ అడగలేదు.

అఫ్గానిస్తాన్ తూర్పు కొసన ఉండే వాఖాన్ పట్టీ వేరే జాతి. అది దేన్నో అందుకోవడానికి చాచిన వేలు కాదు. రష్యా, బ్రిటిష్ సామ్రాజ్యాలు ఒకదానికొకటి తగలకుండా 1895లో మధ్యలో దోపిన అట్టముక్క.

తేదీని, గదిని పట్టుకోవడం

రూపం చూశాక అట్టముక్క తీసుకుని నాలుగు ప్రశ్నలు రాయండి. ఎప్పుడు గీశారు? ఎవరు గీశారు? ఏ పటం మీద గీశారు? ఆ గదిలో లేనిది ఎవరు? నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. మూడోదాన్ని మాత్రం చాలామంది అడగనే అడగరు. పటాలు గీసిన మనిషిగా నేను దాన్ని వదులుకోలేను.

1945 ఆగస్టు 10 రాత్రి వాషింగ్టన్. జపాన్ లొంగిపోయే సూచనలు కనిపిస్తున్నాయి, సోవియట్ సేనలు కొరియా వైపు కదులుతున్నాయి. కొరియాలో ఉన్న జపాన్ సైన్యం ఏ గీతకు ఉత్తరాన సోవియట్‌లకు, ఏ గీతకు దక్షిణాన అమెరికన్లకు లొంగాలో తేల్చమని డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు సైనికాధికారులను ఒక గదిలోకి పంపారు. వాళ్లకిచ్చిన వ్యవధి అరగంట. వాళ్ల ముందున్నది నేషనల్ జియోగ్రాఫిక్ పటం. రాజధాని సియోల్ తమ వైపు ఉండాలన్నది వాళ్ల లెక్క. దానికి ఉత్తరాన నదో కొండో దొరుకుతుందేమోనని చూశారు, దొరకలేదు. పటం మీద 38వ అక్షాంశం కనిపించింది. దాన్నే సిఫారసు చేశారు, సోవియట్ పక్షం ఒప్పుకుంది.

ఆ పటాన్ని నా బల్ల మీద ఊహించుకుంటాను. అలాంటి చిన్న కొలమానం పటంలో కొరియా అరచేతిలో ఇమిడిపోతుంది. ఊళ్ల పేర్లు చాలావరకు ఉండవు. 38వ అక్షాంశం అనే సన్నని గీత మాత్రం ముందే అచ్చయి ఉంటుంది, నాలాంటివాళ్లు ఎవరో ఎప్పుడో గీసింది. సైన్యాలు లొంగడానికి వాడిన ఆ తాత్కాలిక గీతకు రెండు వైపులా మూడేళ్లలో రెండు దేశాలు లేచాయి. 1950లో యుద్ధం వచ్చింది. 1953 జూలై 27న కాల్పుల విరమణ నాటికి సేనలు నిలబడ్డ చోటు కొత్త గీత అయింది. ఇప్పుడున్న గీత పడమటి కొసన 38కి దిగువన, తూర్పు కొసన ఎగువన నడుస్తుంది. యుద్ధానికి ముందు దక్షిణంలో ఉన్న కేసాంగ్ నగరం ఇప్పుడు ఉత్తరంలో ఉంది. నాలుగో ప్రశ్నకు జవాబు: ఆ గదిలో కొరియన్లు ఒక్కరూ లేరు.

గదిలో స్థానికులు ఉన్నంత మాత్రాన పని సవ్యంగా జరిగిందనుకోకూడదు. సిరిల్ రాడ్‌క్లిఫ్ అనే లండన్ న్యాయవాది 1947 జూలై 8న భారతదేశానికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ ఈ దేశం చూడలేదు. పంజాబ్, బెంగాల్‌లను చీల్చడానికి అతనికి ఐదు వారాల గడువు ఉంది. రెండు సరిహద్దు సంఘాల్లోనూ నలుగురేసి స్థానిక న్యాయమూర్తులున్నారు. ఇద్దరు ఒక పక్షం, ఇద్దరు మరొక పక్షం. ఓట్లు సమానంగా చీలిపోయేసరికి తీర్పంతా అతని ఒక్కడి మీదే పడింది. గీత ఎక్కడ పడిందో ప్రజలకు చెప్పింది ఆగస్టు 17న. అప్పటికే రెండు దేశాలకూ స్వాతంత్ర్యం వచ్చింది. జెండాలు ఎగరేసిన చాలా ఊళ్లవాళ్లకు తమ ఊరు ఏ దేశంలో ఉందో తెలియదు. తేదీల మధ్య ఇలాంటి ఖాళీ కనిపిస్తే కార్డు మీద ఎర్రసిరాతో రాయండి. మనుషులు చనిపోయేది ఆ ఖాళీలోనే.

ఒప్పందంలోని మాటలను చదవడం

చాలా సరిహద్దు ఒప్పందాల పాఠాలు గ్రంథాలయాల్లో, ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. భాష బరువుగా ఉంటుంది, భయపడకండి. స్థలాలను వర్ణించే ఒకటి రెండు అధికరణాలు చదివితే చాలు. వేలు పటం మీద పెట్టి, ఒక్కొక్క పదబంధానికీ వేలు జరపండి. వేలు ముందుకు కదలలేని చోటే తప్పు దాగి ఉంటుంది.

నేను తుడిచేసిన ముల్లు కథ అలాగే బయటపడింది. 1783లో బ్రిటన్ అమెరికా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంటూ పారిస్‌లో సంధి చేసుకుంది. లేక్ ఆఫ్ ద వుడ్స్ అనే సరస్సు వాయవ్య కొస నుంచి నేరుగా పడమరకు వెళ్లి మిసిసిపీ నదిని చేరే గీతే సరిహద్దు అని అందులో రాశారు. వేలు సరస్సు వాయవ్య కొస మీద పెట్టాను. పడమరకు జరిపాను. ఎంత దూరం జరిపినా మిసిసిపీ తగల్లేదు. ఆ నది పుట్టేదే సరస్సుకు దక్షిణాన. సంధి రాసినవాళ్ల ముందు జాన్ మిచెల్ 1755లో అచ్చువేసిన పటం ఉంది. ఆ పటంలో, నది పైభాగం ఉండవలసిన మూలన, మిచెల్ వేరే చిన్న పటాన్ని పెట్టెకట్టి అచ్చువేశాడు. దాని వెనక నది ఎటు పోయిందో కనబడదు. ఉత్తరానికే పోయి ఉంటుందని సంధికర్తలు అనుకున్నారు.

1818లో 49వ అక్షాంశాన్ని సరిహద్దు చేసినప్పుడు పాత సంధిలోని వాయవ్య కొసను వదల్లేకపోయారు. ఆ కొస నుంచి 49 దాకా కిందికి ఒక నిలువు గీత దింపి అతికించారు. అదే నా ముల్లు. ఫలితంగా అమెరికాకు చెందిన ఒక నేల ముక్క సరస్సు అవతల కెనడాను అంటుకుని ఉండిపోయింది. రోడ్డు మీద అక్కడికి వెళ్లాలంటే కెనడాలోకి వెళ్లి మళ్లీ అమెరికాలోకి రావాలి. పటం మూలన పెట్టె ఎక్కడ కట్టాలి అని నా వృత్తిలో రోజూ వచ్చే చిన్న నిర్ణయం. మిచెల్ ఆ పెట్టెను ఇంకొక మూలన కట్టి ఉంటే ఆ ముల్లు ఉండేది కాదేమో. ఆ రోజు నుంచి నేను పెట్టె కట్టేముందు దాని కింద ఏం దాచేస్తున్నానో చూసుకునేదాన్ని.

మాట ఒక్కటే సరిహద్దును తేల్చిన సందర్భమూ ఉంది. 1659లో ఫ్రాన్స్, స్పెయిన్ పిరెనీస్ సంధి చేసుకున్నాయి. మరుసటి ఏడు వివరాలు తేలుస్తూ సెర్దాన్య లోయలోని 33 గ్రామాలను స్పెయిన్ ఫ్రాన్స్‌కు ఇచ్చింది. ఆ లోయలోనే ఉన్న లీవియాకు పట్టణ హోదా ఉంది. ఇచ్చినవి గ్రామాలు కాబట్టి పట్టణం ఇవ్వలేదు. ఈరోజుకూ లీవియా చుట్టూ ఫ్రాన్స్, లోపల స్పెయిన్. ఒప్పందంలో గ్రామం, పట్టణం, ఎస్టేటు, నది మధ్యభాగం, కొండ పాదం లాంటి మాటలు కనిపిస్తే అప్పట్లో వాటి అర్థమేమిటో విడిగా చూడండి.

కాగితం మీద నిర్ణయించడం ఒక పని, నేల మీద రాళ్లు పాతడం ఇంకొక పని. రెండింటి తేదీలూ కార్డు మీద ఉండాలి. 49వ అక్షాంశం విషయంలో పాతిన రాళ్లు అసలు అక్షాంశానికి అటూ ఇటూ పడ్డాయి. పందొమ్మిదో శతాబ్దపు సర్వేయర్లు అడవుల్లో, చలిలో, నక్షత్రాలను చూసి లెక్కకట్టారు, ఆ మాత్రం తేడా వస్తుంది. తర్వాత రెండు దేశాలూ రాయి నుంచి రాయికి పోయే గీతే సరిహద్దు అని తీర్మానించుకున్నాయి. నేల మీద ఉన్నది అందుకే తిన్నని గీత కాదు.

మంచి కథ దొరికితే ఆగండి

సరిహద్దుల చుట్టూ కథలు త్వరగా అల్లుకుంటాయి. విన్నప్పుడు నాకూ ముచ్చటేసేది. ఒక్క పరీక్ష పెట్టాక చాలావరకు నిలబడవు. కథలోని మనిషి ఆ తేదీన ఆ పదవిలో ఉన్నాడా అని చూడటమే ఆ పరీక్ష.

జోర్డాన్, సౌదీ అరేబియాల మధ్య గీత ఒకచోట పెద్ద మూలగా లోపలికి వంగుతుంది. భోజనం బాగా పట్టించిన చర్చిల్‌కు గీస్తుండగా ఎక్కిళ్లు వచ్చాయనీ, చెయ్యి జారిందనీ చెబుతారు. ఆ గీతకు మూలం 1925 నవంబరులో, తర్వాత సౌదీ అరేబియాకు రాజైన ఇబ్న్ సౌద్‌తో బ్రిటిష్‌వాళ్లు చేసుకున్న హద్దా ఒప్పందం. చర్చిల్ బ్రిటన్ వలస రాజ్యాల మంత్రి పదవి నుంచి 1922లోనే దిగిపోయాడు. వంపుకు అసలు కారణం వాదీ సిర్హాన్ అనే లోయ, దాని గుండా సాగే దారి. అవి ఇబ్న్ సౌద్‌కు దక్కాయి. కిలిమంజారో కొండను విక్టోరియా రాణి తన మనవడు కైజర్ విల్‌హెల్మ్‌కు పుట్టినరోజు కానుకగా ఇచ్చిందని ఇంకొక కథ. కొండను జర్మన్ల వైపు వదులుతూ గీత వంచింది 1886లో. విల్‌హెల్మ్ జర్మనీ చక్రవర్తి అయింది 1888లో.

ఆఫ్రికా సరిహద్దులన్నీ ఐరోపా రాజ్యాలు బెర్లిన్ సమావేశంలో ఒక బల్ల చుట్టూ కూర్చుని గీశారన్నది కూడా సరికాదు. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా జరిగిన ఆ సమావేశంలో ఆఫ్రికా నుంచి ఎవరినీ పిలవలేదన్నది నిజం. చాలా గీతలు మాత్రం ఆ తర్వాత రెండేసి రాజ్యాలు విడివిడిగా చేసుకున్న ఒప్పందాలతో వచ్చాయి. ఈ తేడా నాకెందుకు పట్టింపంటే, అన్నిటికీ ఒకే బల్ల అనుకుంటే ఏ గీతకూ తన బాధ్యుడు దొరకడు. విడివిడిగా వెతికితే పేరు, సంతకం, తేదీ అన్నీ దొరుకుతాయి.

ఎందుకు నిలిచిందో అడగడం

పుట్టుక తెలిస్తే సగం పనే అయింది. ఇంత తొందరగా, ఇంత అజ్ఞానంతో గీసిన గీతలు గీసినవాళ్లు వెళ్లిపోయాక ఎందుకు చెరిగిపోలేదు?

1964 జూలైలో కైరోలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ సమావేశమైంది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఏ సరిహద్దులుంటే వాటినే గౌరవిద్దామని తీర్మానించారు. సొమాలియా, మొరాకో ఒప్పుకోలేదు. మిగతావాళ్లకు ఆ గీతలు న్యాయమైనవన్న భ్రమ ఏమీ లేదు. ఒక్కటి కదిపితే అన్నీ కదులుతాయన్న భయం ఉంది. ఎవె ప్రజలు ఘనాలోనూ టోగోలోనూ చీలి ఉన్నారు, సొమాలీలు అనేక దేశాల్లో ఉన్నారు, మసాయిలు కెన్యా, టాంజానియాల మధ్య ఉన్నారు. ఎవరికి సవరించి ఎవరిని ఆపగలరు? అంతకు ముందు శతాబ్దంలో లాటిన్ అమెరికా దేశాలు స్పెయిన్ పాలనలోని పరిపాలనా విభాగాలనే దేశ సరిహద్దులుగా తీసుకున్నాయి. 1991లో సోవియట్ యూనియన్ 15 దేశాలుగా విడిపోయినప్పుడూ అంతే. ఒకే దేశంలో జిల్లా గీతల్లాంటివాటికి రాత్రికి రాత్రే కాపలా గుడిసెలు, పాస్‌పోర్టు ముద్రలు వచ్చాయి.

కాబట్టి కార్డు మీద ఐదో ప్రశ్న చేర్చండి. ఈ గీత ఇలాగే ఉండటం ఇప్పుడు ఎవరికి అవసరం? జవాబులో సుంకం వసూలు చేసే శాఖ ఉండవచ్చు, సైన్యం ఉండవచ్చు, గీతకు ఇటువైపు పుట్టి పెరిగి ఇదే నా దేశం అని మనసారా అనుకునే సామాన్యులూ ఉంటారు. వాళ్ల అభిమానాన్ని తక్కువ చేయకండి. గీత ఎలా పుట్టినా దాని వెనక రెండు మూడు తరాల బతుకు పేరుకుంది.

గీత లోపలి పీఠానికీ ఇవే ప్రశ్నలు

దేశాన్ని ఏలే హక్కు ఎవరికి ఎలా వచ్చిందో వెతకడానికి కూడా ఇదే కార్డు పనికొస్తుంది. లీక్టెన్‌స్టైన్ అనే దేశానికి ఆ పేరు ఒక కుటుంబానిది. మధ్య ఐరోపాలోని పవిత్ర రోమన్ సామ్రాజ్య సభలో కూర్చోవాలంటే నేరుగా చక్రవర్తి కింద ఉండే భూమి కావాలి. అలాంటి భూమి కోసం ఆ కుటుంబం 1699లో షెలెన్‌బర్గ్‌ను, 1712లో వాడుజ్‌ను కొంది. 1719లో చక్రవర్తి రెండింటినీ కలిపి సంస్థానం చేశాడు. కొన్నవాళ్లు అక్కడ కాపురం పెట్టలేదు. అక్కడే స్థిరపడ్డ మొదటి రాజు 1938లో వచ్చాడు.

అండోరాకు ఇద్దరు అధిపతులు. ఒకరు స్పెయిన్‌లోని ఉర్జెల్ బిషప్, రెండోవారు ఫ్రాన్స్ అధ్యక్షుడు. 1278లో బిషప్‌కూ ఫోయ్ ప్రభువుకూ కుదిరిన రాజీ అది. ప్రభువు హక్కు వారసత్వంగా ఫ్రెంచి రాజుకు, రాజరికం పోయాక అధ్యక్షుడికి చేరింది. ఫ్రాన్స్‌లో వేసిన ఓట్లతో పక్క దేశానికి అధిపతి వస్తాడు. అయితే 1993లో అండోరా ప్రజలే ఓటు వేసి కొత్త రాజ్యాంగం తెచ్చుకున్నారు, అందులో ఇద్దరు అధిపతులనూ ఉంచుకున్నారు. ఐదో ప్రశ్నకు ఇలాంటి జవాబులూ వస్తాయి.

గ్రీసు స్వతంత్రమైనప్పుడు బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా కలిసి బవేరియా రాకుమారుడు ఓటోను రాజుగా ఎంచాయి. 1833లో నౌప్లియో రేవులో దిగేనాటికి అతనికి 17 ఏళ్లు. అరబ్ నాయకుడు ఫైసల్‌ను ఫ్రెంచివాళ్లు 1920 జూలైలో సిరియా సింహాసనం నుంచి దించేశారు. మరుసటి ఏడు ఆగస్టులో బ్రిటిష్‌వాళ్లు అతన్నే బాగ్దాద్‌లో ఇరాక్ రాజును చేశారు. కొత్త దేశానికి గీతం ఇంకా లేదు, పట్టాభిషేకంలో బ్రిటిష్ రాజగీతం వాయించారు.

దేశం అనిపించుకోవడానికి 1933 మాంటెవీడియో ఒప్పందం నాలుగు లక్షణాలు చెప్పింది. స్థిరంగా ఉండే జనాభా, నిర్ణీత భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు నెరపగల శక్తి. ఆచరణలో మిగతావాళ్లు ఒప్పుకుంటారా లేదా అన్నదే ఎక్కువ తేలుస్తుంది. ఐక్యరాజ్యసమితి 1945లో 51 దేశాలతో మొదలైంది. ఇప్పుడు 193. కార్డు మీద దేశం చేరిన ఏడాది కూడా రాయండి.

గీత మీద ఉన్న మనిషి

ఈ మెట్టును చివర పెట్టాను గానీ తేలికదని కాదు. పటం చూపలేనిది ఇదే. బెల్జియం, నెదర్లాండ్స్‌ల మధ్య బార్లె పట్టణంలో సరిహద్దు ఇళ్ల మధ్య నుంచి, ఇళ్ల లోపలి నుంచి పోతుంది. వీధి తలుపు ఏ దేశంలో ఉంటే ఇల్లు ఆ దేశానిది. అక్కడ రెండు దేశాలకూ స్నేహం ఉంది, కాబట్టి అది చూడవచ్చేవాళ్లకు వినోదం.

పశ్చిమ బెంగాల్ ఉత్తర భాగంలోని కూచ్‌బిహార్ దగ్గర అది వినోదం కాలేదు. మొఘలులకూ కూచ్‌బిహార్ రాజులకూ మధ్య పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్లలో కుదిరిన సర్దుబాట్ల వల్ల ఒకరి నేలలో ఒకరి నేల ముక్కలుగా మిగిలాయి. చదరంగం పందెంలో ఊళ్లు ఓడారని కథ ఉంది, అది కథే. 1947 తర్వాత ఆ ముక్కలు పరాయి దేశంలో చిక్కుకున్నాయి. స్థానికులు వాటిని ఛిట్‌మహల్ అంటారు. బంగ్లాదేశ్ లోపల 111 భారత ముక్కలు, భారత్ లోపల 51 బంగ్లాదేశ్ ముక్కలు. ఒకటైతే బంగ్లాదేశ్‌లోని భారత ముక్కలో ఉన్న బంగ్లాదేశ్ ముక్కలో ఉన్న భారత ముక్క. దాని పేరు దహలా ఖాగ్రాబారి, విస్తీర్ణం రెండెకరాలు కూడా లేదు. యాభై వేలకు పైగా మనుషులు వీటిలో బతికారు. తమ దేశపు బడికో ఆస్పత్రికో వెళ్లాలంటే పరాయి దేశం దాటాలి, దాటడానికి కావలసిన కాగితాలు తెచ్చుకోవాలన్నా ముందు దాటాలి. మార్చుకుందామని 1974లో ఒప్పందమైంది. అమలు కావడానికి 41 ఏళ్లు పట్టింది.

నేను ఆ ప్రాంతాన్ని ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఆ 162 ముక్కల్లో ఒక్కటి కూడా నా పటాల్లో చూపించలేకపోయాను. మా కొలమానంలో వాటిలో చాలావాటికి సిరా చుక్క కూడా పెద్దదే. అందుకని మీరు ఎంచుకున్న సరిహద్దుకు మీకు దొరికే అతి పెద్ద కొలమానం పటం సంపాదించండి. గీత కింద కనబడకుండా పోయిన ఊళ్ల పేర్లు చదవండి. ఒక్క ఊరి పేరైనా కార్డు మీద రాయండి.

మొదటి కార్డుకు తోక ఉన్న సరిహద్దును ఎంచుకోండి, త్వరగా చేతికి చిక్కుతుంది. తర్వాత తిన్నని గీత, ఆ తర్వాత నది. కార్డుకు ఒకవైపే రాయండి. వెనకవైపు ఖాళీగా ఉంచండి, గీత జరిగితే రాసుకోవడానికి చోటుండాలి. నా కూచ్‌బిహార్ కార్డు వెనక ఒకే పంక్తి ఉంది: 2015 జూలై 31, అర్ధరాత్రి, 162 ముక్కలూ మారాయి.